ఒక్కరే నడిపే వ్యాపారానికి తక్కువ ఖర్చులో ఫోన్: తరచుగా అడిగే ప్రశ్నలు

చీరాలలో మాది చిన్న రీచార్జ్, జిరాక్స్ షాపు. బ్లౌజులు కుట్టేవాళ్లు, ప్లంబర్లు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, ట్యూషన్ చెప్పే టీచర్లు, ఆటో నడిపేవాళ్లు రోజూ వస్తుంటారు. మనిషి మారినా అడిగే సందేహం మాత్రం అదే: వ్యాపారానికి ఫోన్ తక్కువ ఖర్చులో ఎలా నడపాలి? అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, తెలిసినంత రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ధరలు తరచూ మారతాయి కాబట్టి, ధర చెప్పిన చోట అది ఎప్పటిదో కూడా రాశాను.

## మొదలుపెట్టే ముందు

వ్యాపారానికి వేరే నంబర్ తీసుకోవాలా? ఇప్పుడున్న నంబరే ఇస్తే చాలదా?

వేరేది తీసుకోండి. మొదట్లో పదిమందే ఫోన్ చేస్తారు కాబట్టి ఇబ్బంది అనిపించదు. రెండేళ్లయ్యేసరికి ఆ నంబర్ ఫ్లెక్సీ మీద, విజిటింగ్ కార్డు మీద, పచ్చడి సీసా లేబుల్ మీద, వందల మంది ఫోన్లలో ఉంటుంది. ఇక దాన్ని మార్చలేరు. సొంత నంబరే ఇచ్చి ఉంటే రాత్రి పదకొండింటికి వచ్చే కాల్ చుట్టాలదో గిరాకీదో తెలియక ఎత్తాల్సిందే. ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లలో రెండు సిమ్‌లు పడతాయి కాబట్టి రెండో ఫోన్ కొనక్కర్లేదు. రెండు సిమ్‌లూ ఒకే కంపెనీవి కాకుండా చూసుకోండి. ఒకదానికి టవర్ లేనప్పుడు రెండోది ఆదుకుంటుంది.

మా ఇంట్లో ఏ నెట్‌వర్క్ బాగుంటుందో సిమ్ కొనకముందే ఎలా తెలుస్తుంది?

నన్నడిగితే ధర కంటే ముందు చూడాల్సింది ఇదే. ఊళ్లో బాగున్న నెట్‌వర్క్ మీరు పనిచేసే గదిలో బాగుంటుందన్న నమ్మకం లేదు. మాకు తెలిసిన ఒకావిడ ఇంటి వెనక గదిలో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతారు. చుట్టూ గోడలు, పైన స్లాబ్, ఒకే చిన్న కిటికీ. కటింగ్ బల్ల మీద ఫోన్ ఉంటే ఒక్క గీత సిగ్నల్. ఫోన్ ఆన్‌లోనే ఉన్నా చేసేవాళ్లకి "స్విచ్ ఆఫ్ అని వస్తోందమ్మా" అని వినిపించేది. చివరికి క్యారీబ్యాగులో వేసి కిటికీ ఊచకి తగిలించారు. అది మోగినప్పుడల్లా కత్తెర పక్కన పెట్టి లేచి వెళ్లాలి. పెళ్లిళ్ల సీజన్లో ఎన్ని ఆర్డర్లు అలా పోయాయో ఆవిడకే తెలియదు. తర్వాత మూడు కంపెనీల సిమ్‌లున్న ఫోన్లు చుట్టాల దగ్గర తెప్పించి, అదే బల్ల మీద పెట్టి, ఒక్కోదానికీ ఐదారుసార్లు కాల్ చేసి చూశాం. ఒకటి నిక్షేపంగా పలికింది. ధర మిగతావాటికంటే కాస్త ఎక్కువే అయినా దానికే మారారు.

మీరూ అలాగే చేయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఏడెనిమిది మధ్య రద్దీలో ఒకసారి చూడండి. కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాపులు ఉంటాయి. అవి వీధి వరకు చెబుతాయి కానీ వెనక గది సంగతి చెప్పవు. ఇంట్లో వైఫై ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. టవర్ అందని గదిలో కూడా మామూలు కాల్స్ వస్తాయి, దానికి విడిగా ఖర్చు లేదు.

ఫ్యాన్సీ నంబర్‌కి డబ్బు పెట్టొచ్చా?

అక్కర్లేదు. గిరాకీ ఒకసారి సేవ్ చేసుకున్నాక నంబర్ ఎవరూ చూడరు. ఆ డబ్బుతో బోర్డు మీద అంకెలు పెద్దగా రాయించండి.

సిమ్ మా తమ్ముడి ఆధార్ మీద ఉంది. పర్లేదా?

పర్లేదు అనుకోకండి. సిమ్ ఎవరి పేరు మీద ఉంటే నంబర్ వాళ్లదే. ఫోన్ పోయి డూప్లికేట్ సిమ్ కావాలన్నా, వేరే కంపెనీకి మారాలన్నా ఆ మనిషే వచ్చి నిలబడాలి. తమ్ముడు దుబాయ్‌లో ఉంటే ఇక్కడ మీ వ్యాపారం ఆగిపోతుంది. ఇప్పుడే ఇద్దరూ కలిసి కంపెనీ స్టోర్‌కి వెళ్లి పేరు మార్పించుకోండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖవాళ్ల వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మన రాష్ట్రాల్లో ఒక మనిషికి అన్ని కంపెనీలూ కలిపి 9 సిమ్‌లు దాటకూడదు. 2023 టెలికాం చట్టం ప్రకారం దాటితే మొదటిసారి 50 వేల రూపాయల వరకు జరిమానా ఉంది. మీకు తెలియని నంబర్ ఏదైనా కనపడితే "ఇది నాది కాదు" అని అక్కడే ఫిర్యాదు పెట్టండి.

స్మార్ట్‌ఫోన్ లేకుండా కీప్యాడ్ ఫోన్‌తో నడుస్తుందా?

కాల్స్ మీదే నడిచే పనికి నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: జియోకి 2జీ లేదు, పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో ఆ సిమ్ పనిచేయదు. జియో కావాలంటే 2023లో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ లాంటి 4జీ కీప్యాడ్ ఫోన్ తీసుకోవాలి. దానిలో వేరే కంపెనీ సిమ్ వేయడం కుదరదు. ఫొటోలు చూపించి ఆర్డర్ తీసుకునే పనైతే, అంటే చీరలు, కేకులు, మగ్గం వర్క్ లాంటివైతే, స్మార్ట్‌ఫోన్ తప్పదు.

## ప్లాన్ ఎంచుకునేటప్పుడు

నెలకి ఎంత పడుతుందో లెక్క ఎలా వేసుకోవాలి?

నెల లెక్క వేయకండి, రోజు లెక్క వేయండి. ప్యాక్ ధరను రోజులతో భాగిస్తే నిజం బయటపడుతుంది. 28 రోజుల ప్యాక్ నెల ప్యాక్ కాదు, ఏడాదికి పన్నెండు కాదు పదమూడుసార్లు వేయించాలి. ప్యాక్ 300 రూపాయలు అనుకుంటే ఏడాదికి 3,600 అనుకుంటాం, పడేది 3,900. 84 రోజుల ప్యాక్ నాలుగుసార్లు వేయిస్తే 336 రోజులే వస్తాయి, ఏడాదికి ఇంకో 29 రోజులు తక్కువ.

ప్రతి నెలా ఒకే తారీఖున అయిపోయే ప్యాక్ కూడా కనీసం ఒకటి ఉండాలని ఫోన్ కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2022లోనే వాటికి చెప్పింది. అద్దె, కరెంటు బిల్లుతో పాటు గుర్తుండాలంటే అది హాయి. షాపులో తమంతట తాము ఎవరూ చెప్పరు, మీరే అడగండి.

నాకు నెట్ అక్కర్లేదు, కాల్స్ చాలు. అలాంటి ప్యాక్ ఉందా?

ఉంది. నెట్ వద్దనేవాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1,849 రూపాయలతో, జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748 రూపాయలతో ఇచ్చాయి. ఇవాళ్టి ధర యాప్‌లో చూసుకోండి. యాప్‌లో ఇవి పైన కనపడవు, కిందికి జరుపుకుంటూ పోవాలి.

ఇంట్లో వైఫై ఉండి, పని అంతా ఇంట్లోనే చేసేవాళ్లకి ఇది బంగారం. వాట్సాప్ వైఫై మీద నడుస్తుంది, కాల్స్ సిమ్ మీద. బయట తిరిగే ప్లంబర్‌కి మాత్రం కుదరదు. గిరాకీ పంపిన లొకేషన్ తెరవాలన్నా, ఫోన్‌పే చేసిన డబ్బు పడిందో లేదో యాప్‌లో చూడాలన్నా నెట్ కావాలి.

ఏడాది ప్యాక్ ఒకేసారి వేయించడం మంచిదా?

నెట్‌వర్క్ మీద పూర్తి నమ్మకం కుదిరాక మంచిదే. మర్చిపోయే టెన్షన్ ఉండదు, మధ్యలో ధరలు పెరిగినా మీకు తగలదు. 2024 జూలైలో కంపెనీలు రేట్లు పెంచినప్పుడు, జియో, ఎయిర్‌టెల్‌లలో 2,999 రూపాయలున్న ఏడాది ప్యాక్ 3,599 అయింది. అంతకు వారం ముందు వేయించుకున్నవాళ్లు ఏడాదంతా నిశ్చింతగా ఉన్నారు.

కొత్త నంబర్‌కి మాత్రం వద్దు. మొదట 28 రోజులది వేయించి చూడండి. మధ్యలో కంపెనీ మారితే మిగిలిన రోజుల డబ్బు తిరిగి రాదు. చేతిలో డబ్బు ఆడని నెలలో అప్పు చేసి ఏడాది ప్యాక్ వేయించడం కూడా తెలివైన పని కాదు. 84 రోజులది చాలు.

పోస్ట్‌పెయిడ్ తీసుకుంటే లాభమా?

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, రెగ్యులర్‌గా రిటర్న్ వేసేవాళ్లకి ఉపయోగం ఉంది. బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ వేయించుకుంటే, ఆ 18 శాతం పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి ఆ సౌకర్యం లేదు. రిజిస్ట్రేషనే లేనివాళ్లకి ప్రీపెయిడ్ చాలు.

ప్రకటనలో పోస్ట్‌పెయిడ్ ధర 400 అని ఉంటే చేతికొచ్చే బిల్లు 472. ప్రీపెయిడ్ ధరలో పన్ను కలిసే ఉంటుంది. రెండూ పోల్చేటప్పుడు చాలామంది ఇక్కడే పొరపడతారు.

బీఎస్ఎన్ఎల్ చవక కదా, మారిపోనా?

రేటు మాట నిజమే. 2024లో మిగతావాళ్లు పెంచినా అది పెంచలేదు. దేశీయ పరిజ్ఞానంతో కట్టిన 4జీని 2025 సెప్టెంబర్ 27న దేశమంతటా ప్రారంభించారు. మీ వీధికి అది అందిందా, అందితే ఎంత గట్టిగా అందుతోంది అన్నదే అసలు ప్రశ్న. ముందు దాన్ని రెండో సిమ్‌గా వేసుకుని ఒక నెల వాడండి. మీ దగ్గర పాత బీఎస్ఎన్ఎల్ సిమ్ ఉంటే 4జీ సిమ్‌కి మార్పించుకోవాలి. కొన్ని పాత ఫోన్లకు ఆ 4జీ వాడే 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉండదు, వాటిలో సిగ్నల్ సరిగా అందకపోతే తప్పు సిమ్‌ది కాదు.

1800 నంబర్ తీసుకుంటే పెద్ద కంపెనీలా కనపడతాం కదా?

1800 నంబర్ చేసేవాళ్లకి ఉచితం, వచ్చే ప్రతి కాల్ ఖర్చూ మీదే. ఒక్కరే నడిపే వ్యాపారానికి అది భారం. మన ఊళ్లలో గిరాకీకి కావలసింది ఎత్తి మాట్లాడే మనిషి.

## నంబర్ మార్చకుండా కంపెనీ మారాలంటే

పోర్ట్ పెడితే ఎన్ని రోజులు ఫోన్ ఆగిపోతుంది?

రోజులు కాదు, గంటలే. మన సర్కిల్ (టెలికాం లెక్కలో ఒక ప్రాంతం) లోపల మారడానికి మూడు పనిదినాలు పడుతుంది కానీ అప్పటిదాకా పాత సిమ్ పనిచేస్తూనే ఉంటుంది. చివర్లో పాతది ఆగి కొత్తది అందుకునే మధ్యలో, సాధారణంగా రాత్రిపూట, నాలుగైదు గంటలు సిగ్నల్ ఉండదు.

మెసేజ్ బాక్సులో ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబర్ కొట్టి 1900కి పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, దానికి నాలుగు రోజులే గడువు. ఆ కోడ్, ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ దగ్గరికి వెళ్తే చాలు. పాత కంపెనీని బతిమాలాల్సిన పని లేదు. పాత ప్యాక్‌లో మిగిలిన రోజులు, బ్యాలెన్స్ పోతాయి కాబట్టి ప్యాక్ అయిపోవడానికి ఐదారు రోజుల ముందు పెట్టండి.

హైదరాబాద్ నుంచి విజయవాడకు మకాం మారుస్తున్నాను. నంబర్ మార్చాలా?

అవసరం లేదు. రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. బెంగళూరో చెన్నయ్యో వెళ్లినా 2015 జూలై నుంచి దేశంలో ఎక్కడైనా అదే నంబర్‌తో పోర్ట్ చేసుకోవచ్చు. వేరే సర్కిల్ అయితే ఐదు పనిదినాలు పడుతుంది.

పోర్ట్ రిజెక్ట్ అయింది. ఎందుకు?

ఎక్కువగా కనపడే కారణాలు ఇవి. ఆ కంపెనీలో చేరి ఇంకా 90 రోజులు కాలేదు. పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంది. సిమ్ పేరు మార్పు మధ్యలో ఉంది. ఈ మధ్యే డూప్లికేట్ సిమ్ తీసుకున్నారు. 2024 జూలై 1 నుంచి, సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా పోర్ట్ కోడ్ ఇవ్వరు. దొంగలు మీ నంబర్‌ను ఎత్తుకుపోకుండా పెట్టిన అడ్డు అది.

## రోజువారీ పనిలో

పనిలో ఉండగా ఫోన్ ఎత్తలేకపోతున్నాను. గిరాకీ పోతోంది. ఏం చేయాలి?

ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద ఉంటాడు, నోట్లో టెస్టర్, రెండు చేతుల్లో వైర్లు, జేబులో ఫోన్ మోగుతూ ఉంటుంది. ఎత్తితే ప్రమాదం, ఎత్తకపోతే ఆ మనిషి రెండో ఎలక్ట్రీషియన్‌కి చేస్తాడు. దయచేసి నిచ్చెన మీద ఎత్తకండి.

ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఉంటుంది. "ఎత్తకపోతే" అన్న చోట ఇంట్లోవాళ్ల నంబర్ పెట్టండి. ఇంట్లోవాళ్లు "పనిలో ఉన్నారండీ, గంటలో చేస్తారు" అన్నా చాలు, సగం మంది ఆగుతారు. అలా ఎవరూ లేకపోతే కాల్ కట్ చేసేటప్పుడు ఫోన్ చూపించే రెడీమేడ్ మెసేజ్‌ని తెలుగులో మార్చి పెట్టుకోండి: "పనిలో ఉన్నాను, మధ్యాహ్నం రెండింటికి చేస్తాను." చెప్పిన టైముకి చేయండి. దీనికోసం "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని రికార్డు గొంతుతో చెప్పే, నెలనెలా డబ్బు కట్టే ఐవీఆర్ సర్వీసులు ఒక్కరికి అక్కర్లేదు.

వాట్సాప్ బిజినెస్‌కి వేరే సిమ్ కావాలా? డబ్బు కట్టాలా?

యాప్ ఉచితం. ఒకే నంబర్‌తో మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ నడవవు కాబట్టి, సొంతానికి ఒక నంబర్, వ్యాపారానికి ఒక నంబర్ ఉంటే ఒకే ఫోన్‌లో రెండూ పెట్టుకోవచ్చు. కేటలాగ్‌లో వస్తువుల ఫొటోలు, ధరలు పెట్టండి. "పావుకిలో ఆవకాయ ఎంత?" అన్న ప్రశ్నకి రోజుకి ఇరవైసార్లు జవాబు కొట్టే శ్రమ తప్పుతుంది. షాపు మూసిన వేళల్లో దానంతట అదే జవాబు వెళ్లేలా కూడా పెట్టుకోవచ్చు.

ఆఫర్ పెట్టాను. నా నంబర్ నుంచి అందరికీ ఎస్సెమ్మెస్ పంపొచ్చా?

వద్దు. మామూలు పది అంకెల నంబర్ నుంచి ప్రచారం కాల్స్, మెసేజ్‌లు చేయకూడదు. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ నిబంధన గట్టిపడింది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్య మొదలవుతుంది. మొదటి తప్పుకి 15 రోజులు ఔట్‌గోయింగ్ ఆపేస్తారు, మళ్లీ చేస్తే ఏడాదిపాటు కనెక్షన్లే తీసేస్తారు. ఎక్కడో కొనుక్కొచ్చిన నంబర్ల లిస్టుకి మెసేజ్‌లు కొట్టి బంగారం లాంటి నంబర్‌ని పోగొట్టుకోకండి. మీ దగ్గర కొన్నవాళ్లకే, వాళ్లు సరేనంటే, వాట్సాప్‌లో పండక్కి ఒకసారి చెప్పండి. ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, అందుకే ప్రతి గిరాకీనీ సేవ్ చేసుకోమని అడగండి.

డబ్బు పడగానే గట్టిగా చెప్పే సౌండ్ బాక్సుకి నేను సిమ్ వేయాలా?

అక్కర్లేదు. దానిలోనే సిమ్ వేసి ఇస్తారు. కొన్నిటికి నెల అద్దె మీ ఖాతాలోంచే కట్ అవుతుంది, ఎంతో ముందే అడగండి.

## నంబర్ చేజారకుండా

రీచార్జ్ మర్చిపోయాను. నంబర్ పోతుందా?

వెంటనే పోదు. ముందు ఔట్‌గోయింగ్ ఆగుతుంది, కొన్నాళ్లకి ఇన్‌కమింగ్ కూడా ఆగుతుంది. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబర్ తీసేయవచ్చు. మెయిన్ బ్యాలెన్స్‌లో కనీసం 20 రూపాయలుంటే అది తీసుకుని మరో 30 రోజులు ఉంచాలన్నది ట్రాయ్ నియమం. తీసేసిన నంబర్‌ని కనీసం 90 రోజుల తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.

మా నాన్నగారి నంబర్ మాకు అలాగే పోయింది. ఆయన ఆస్పత్రిలో ఉన్న నెలల్లో ఆ సిమ్ సంగతి ఎవరికీ గుర్తులేదు. తేరుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్తే వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. అప్పటికే ఆ కొత్త మనిషికి నాన్నగారి పాత గిరాకీల నుంచి కాల్స్ వెళ్తున్నాయి. షాపు బోర్డు మీద అంకెలు చెరిపి మళ్లీ రాయించాం. రీచార్జ్ షాపు వాళ్లమై ఉండి అలా జరిగింది. అందుకే చెబుతున్నా, గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద పెన్నుతో రాయండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. నంబర్ నిజంగానే పోతే అదే రోజు బ్యాంకుకి వెళ్లి దాన్ని ఖాతా నుంచి తీయించండి.

ఫోన్ పోయింది. ముందు ఏం చేయాలి?

ముందు సిమ్ బ్లాక్ చేయించండి. తర్వాత బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆధార్‌తో డూప్లికేట్ సిమ్ తీసుకోండి. ఆ ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీలో ఫోన్‌నే బ్లాక్ చేయించవచ్చు. డూప్లికేట్ సిమ్ పడ్డాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, ఓటీపీలు కూడా రావు. ఆ ఒక్క రోజుకి చేతిలో కాస్త నగదు ఉంచుకోండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనపడితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

"మీ సిమ్ ఆగిపోతుంది, ఈ అంకెలు నొక్కండి" అని కాల్ వచ్చింది. నిజమేనా?

మోసం. స్టార్ 401, స్టార్ 21 లాంటివి నొక్కించి మీ కాల్స్‌ని వాళ్ల నంబర్‌కి మళ్లించుకుంటారు. ఓటీపీ చెప్పే కాల్ కూడా వాళ్లకే వెళ్తుంది. ఇలాంటి మోసాలు పెరగడంతోనే 401 కోడ్‌తో చేసే ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని టెలికాం శాఖ ఆదేశించింది. ఇప్పటికే ఏదైనా నొక్కి ఉంటే కాల్ ఫార్వర్డింగ్ సెట్టింగ్స్ తెరిచి, మీరు పెట్టని నంబర్ ఉంటే తీసేయండి.

కంపెనీవాళ్లు పట్టించుకోవట్లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

మొదట కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, డాకెట్ నంబర్ (ఆ ఫిర్యాదుకి ఇచ్చే నంబర్) తప్పకుండా తీసుకోండి. ఆ నంబర్ లేకపోతే తర్వాత ఎవరూ వినరు. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో ఉండే అప్పీల్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీలు పెట్టండి, దానికి ఫీజు లేదు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు, నేరుగా అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోకండి. అప్పీల్‌లో కూడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.